పుష్యమాసంలో తంజావూరు: మూడు రోజుల ప్రయాణం

చలికాలంలో మూడు రోజులు సెలవు దొరికితే ఎక్కడికి వెళ్దామన్న ప్రశ్న వచ్చినప్పుడు మన ఇళ్లలో మొదట వినవచ్చే పేర్లు ఊటీ, కొడైకానల్. చలికాలంలో చలి ఉన్న చోటికే పోయి, గదిలో కంబళి కప్పుకొని కూర్చొని, వేడి కాఫీ తాగి తిరిగి రావడంలో ఏమి సుఖమున్నదో మాకు ఎన్నడూ అంతుపట్టలేదు. అందుచేత ఆ ఏడు మేము కొండలు మానుకొని కావేరి ఒడ్డు పట్టాము. పుష్యమాసంలో తంజావూరు వెళ్లి మూడు రోజులుండి వచ్చాము. వెళ్లదలచిన వారికి ఉపయోగపడుతుందనీ, ఆ ఊళ్లో మాకు తగిలిన ఒక సంగతి పదిమందితో చెప్పుకుంటే మంచిదనీ తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము అంటే అవ్వ, మేమిద్దరము, మా పెద్దమ్మాయి, చిన్నవాడు. అవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు. అమ్మాయి పదకొండో తరగతి చదువుతూ పాట నేర్చుకుంటున్నది. చిన్నవాడికి పదేళ్లు. మా పూర్వులు ఏ రాజుల కాలంలో దక్షిణానికి దిగివచ్చారో మాకు సరిగా తెలియదు గాని, ఇంట్లో మాట నేటికీ తెలుగే. అయితే మాటే తెలుగు, రాత కాదు. అవ్వ బాగా చదువుతుంది. మేము కూడబలుక్కుంటాము. పిల్లలకు అక్షరాలే రావు. ఈ సంగతి ముందుగానే ఒప్పుకోవడానికి కారణమున్నది. మూడు రోజుల్లోనూ అది మాకు ఎదురవుతూనే వచ్చింది.

ఎప్పుడు, ఎట్లా వెళ్లాలి?

తంజావూరు సీమకు వాన ఎక్కువగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. సంక్రాంతి నాటికి ఆకాశం తేటపడి, పొలాల్లో సంబా వరి కోతకు వస్తుంది. తెల్లవారుజామున పలచని శాలువా ఉంటే చాలు. మధ్యాహ్నం మాత్రం ఎండ ఎండే. గుళ్లలో రాతినేల కాళ్లు కాలుస్తుంది కాబట్టి చూడదలచినవి పది గంటలలోపున, మళ్లీ నాలుగు దాటాక పెట్టుకోవాలి.

మేము కోయంబత్తూరునుండి రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి దిగాము. చెన్నై ఎగ్మూరునుండీ, మైసూరు, బెంగుళూరుల మీదుగానూ కూడా రాత్రి రైళ్లున్నాయి. ఒడిషా, యానాం వైపు నుండి వచ్చేవారు చెన్నై చేరి అక్కడ రైలు మారడం సులువు. విమానం మీద వచ్చేవారికి తిరుచిరాపల్లి దగ్గర.

తేదీలు ఎంచుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. కనుమ నాడు వెళితే పెద్దకోవెలలో నందికి జరిగే అలంకారం చూడవచ్చు. కాయగూరలు, పండ్లు, మిఠాయిలు దండలుగా గుచ్చి అంత పెద్ద నందినీ కప్పివేస్తారు. లేదా పుష్య బహుళ పంచమికి వెళితే తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన దొరుకుతుంది. పంచమి ఒక్కొక్క ఏడు జనవరి మొదట్లోనూ, ఒక్కొక్క ఏడు నెలాఖరునా వస్తుంది. పంచాంగం చూసుకొని టిక్కెట్లు కొనాలి. ఆ దినాల్లో వసతి దొరకడం కష్టం, కనుక గది ముందుగానే చెప్పి ఉంచుకోవాలి. మాకు ఆ ఏడు పంచమి సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చింది. మూడో రోజు పంచమి అయ్యేటట్లు చూసుకొని బయలుదేరాము.

మొదటి రోజు: పెద్దకోవెల, రాజభవనం

స్నానాలు చేసి ఏడు గంటలకే బృహదీశ్వరాలయం చేరుకున్నాము. మొదటి రాజరాజ చోళుడు కట్టించిన ఈ కోవెల 1010 లో పూర్తయింది. విమానం ఎత్తు సుమారు 216 అడుగులు. చుట్టుపట్ల రాతికొండ అన్నది కనబడని వరిసీమలో ఇంత నల్లరాయి తెచ్చి నిలబెట్టారంటే, చదివి తెలుసుకోవడం వేరు, కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి చూడడం వేరు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 1987 లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది.

ఈ గోపురం నీడ నేలమీద పడదని ఎవరో ఒకరు మీకు తప్పక చెబుతారు. మాకూ చెప్పారు. మా చిన్నవాడు ఆ మాట విని, ప్రాకారంలో బారుగా పడివున్న ఉదయపు నీడలో అటునుండి ఇటు నడిచి, "మరి ఇదేమిటవ్వా?" అని అడిగాడు. అవ్వ నవ్వి, "అంత గొప్ప పనికి అబద్ధపు గొప్ప ఎందుకురా నాయనా!" అన్నది. మాకు ఆ మాట బాగున్నది.

యాత్రికులు చాలామంది లింగాన్నీ నందినీ చూసి వెళ్లిపోతారు. తీరిక ఉన్నవారు గోడల అడుగుభాగం చూడాలి. అక్కడ బారులు బారులుగా శాసనాలున్నాయి. రాజు ఇచ్చిన బంగారం ఎంత, దీపానికి నెయ్యి ఎవరు పోయాలి అన్నవే గాక, వేరు వేరు ఊళ్ల గుళ్లనుండి రప్పించిన నాలుగు వందలమంది నాట్యకత్తెల పేర్లు, ఏ వీధిలో ఎవరికి ఏ ఇల్లు ఇచ్చారో కూడా చెక్కించారు. వెయ్యేళ్ల క్రిందట ఒక వీధిలో ఉండిన ఆడవాళ్ల పేర్లు నేటికీ చదవవచ్చు. రాయి మీద చెక్కితే ఉన్న సౌకర్యమది.

గర్భాలయం చుట్టూ ఉన్న ఇరుకుదారి గోడలమీద చోళుల నాటి వర్ణచిత్రాలున్నాయి. వాటిమీద నాయకరాజుల కాలంలో వేరే బొమ్మలు వేయించారు. పైపూత కింద పాత బొమ్మలున్న సంగతి 1931 లో ఎస్. కె. గోవిందస్వామి కనుగొన్నారు. ఆ దారి సాధారణంగా యాత్రికులకు తెరవరు. ప్రాకారంలోని సుబ్రహ్మణ్యస్వామి గుడి మాత్రం అందరూ చూడవచ్చు. అది నాయకుల కాలపు పని. చెక్కడం ఎంత నాజూకుగా ఉన్నదంటే, పెద్ద కోవెల గంభీరం చూసి వచ్చిన కంటికి ఇది నగలపెట్టెలా కనిపిస్తుంది. ఇదే ఆవరణలో రెండవ శరభోజి 1803 లో చెక్కించిన భోంసలే వంశచరిత్ర మరాఠీలో ఉన్నది. చోళులు, నాయకులు, మరాఠాలు ముగ్గురూ ఒకే ఆవరణలో తమ తమ గుర్తులు వదిలి వెళ్లారు.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోక తప్పదు. విజయనగరం వారి ఏలుబడిలో 1532 లో సేవప్పనాయకుడు తంజావూరికి నాయకుడైనాడు. ఆయన తరువాత అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు 1673 వరకు ఏలారు. నలుగురూ తెలుగువారు. మధుర నాయకుల సేనతో జరిగిన యుద్ధంలో విజయరాఘవుడు చనిపోవడంతో ఆ వంశం రాజ్యం ముగిసింది. తెలుగు దొరల రాజ్యాన్ని తెలుగు దొరలే పడగొట్టారన్నమాట. పిమ్మట కొద్దికాలానికే శివాజీ సవతి తమ్ముడైన ఏకోజీ వచ్చి మరాఠా రాజ్యం స్థాపించాడు.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకొని మూడున్నరకు రాజభవనానికి వెళ్లాము. ఇది నాయకులు మొదలుపెట్టి మరాఠాలు పెంచిన కట్టడం. దర్బారు మండపం స్తంభాల రంగులు, గంటల గోపురం, అందులో ఉంచిన తిమింగలం ఎముకలగూడు పిల్లలకు నచ్చుతాయి. అన్నిటికన్న విలువైనది కంచు విగ్రహాలశాల. అక్కడ తిరువెంకాడునుండి వచ్చిన వృషభవాహన శివుని విగ్రహం ఉన్నది. 1011 నాటిది. తలమీద పాములనే పాగాగా చుట్టుకొని, కాలు కాలికి అడ్డంగా వేసి, ఒక చేయి పక్కన నిలిచిన ఎద్దుమీద ఆనించినట్లు నిలబడి ఉంటాడు. ఆ ఎద్దు మాత్రం లేదు, ఎప్పుడో పోయింది. చేయి మాత్రం అట్లాగే ఉన్నది. అవ్వ ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడింది. "ఎద్దు లేకున్నా ఉన్నట్టే నిలబడినాడు చూడు స్వామి," అన్నది.

సాయంకాలం పడమటి రాజవీధిలో బంగారు కామాక్షి అమ్మవారి గుడికి వెళ్లాము. కాంచీపురంనుండి అమ్మవారిని తెచ్చినవారు శ్యామశాస్త్రిగారి పూర్వులు. శ్యామశాస్త్రిగారు (1762–1827) ఈ గుడిలోనే అర్చన చేస్తూ, ఎక్కువభాగం తెలుగులోనే పాడుకున్నారు. చిన్న గుడి, జనం తక్కువ. పగలంతా నడిచిన కాళ్లకు అక్కడ కూర్చోవడమే ఒక సుఖం.

రెండవ రోజు: సరస్వతీ మహలు

రెండవ రోజు ఉదయం రాజభవనంలోనే ఉన్న సరస్వతీ మహలు గ్రంథాలయానికి బయలుదేరి, దర్శనం వేళ కనుక్కోక మధ్యాహ్నపు విరామంలో చేరుకొని, మూసిన తలుపు ముందు నిలబడ్డాము. తప్పు మాదే. వారపు సెలవు ఎప్పుడో, మధ్యాహ్నం ఎంతసేపు మూస్తారో ముందురోజే అడిగి పెట్టుకోవలసిందని చదువరులకు మనవి.

ఆ ఖాళీ గంటను వీణల కోసం వాడుకున్నాము. తంజావూరు వీణ పనసకర్రతో చేస్తారు. కుండ, దండి, తల అన్నీ ఒకే దుంగలో తొలిచిన వీణను ఏకాండ వీణ అంటారు. దానికి ధర ఎక్కువ, చేసేవారు తక్కువ. ఇరవై నాలుగు మెట్లున్న నేటి రూపం రఘునాథ నాయకుని కాలంలో కుదిరిందని చెబుతారు. పనివాడు కుండను ఉలితో తొలుస్తూ మధ్య మధ్య వేలితో తట్టి చెవి ఆనించి వినడం పిల్లలు కన్నార్పకుండా చూశారు. బంగారు రేకు, రాళ్లు పొదిగిన తంజావూరు పటాలు కూడా అక్కడికి దగ్గరలోనే అమ్ముతారు. ఈ పటాలు వేసిన పాత కుటుంబాలలో తెలుగునాటినుండి వచ్చిన రాజులవారు ముఖ్యులు. పిల్లలకోసం తల ఊపే బొమ్మ ఒకటి కొన్నాము. అడుగు గుండ్రంగా బరువుగా ఉంటుంది, ఎటు తోసినా మళ్లీ నిలబడుతుంది.

గ్రంథాలయం తలుపు తెరిచాక లోపలికి వెళ్లాము. నాయకరాజుల కాలపు పుస్తకభండారం మరాఠా రాజుల చేతికి వచ్చి, రెండవ శరభోజి (1798–1832) కాలంలో బాగా పెరిగింది. 1918 నుండి అది ప్రజలది. వేల వేలుగా ఉన్న తాటాకు, కాగితపు ప్రతులలో ఎక్కువభాగం సంస్కృతం. తమిళం, మరాఠీ ఉన్నాయి. తెలుగు ప్రతులు ఎనిమిది వందలకు పైబడి ఉన్నాయి.

ఈ తెలుగు ప్రతులు ఎక్కడివి? రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసం ఆయనకే అంకితమిచ్చాడు. విజయరాఘవుని సభలో పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసింది. క్షేత్రయ్య ఆ సభకు వచ్చి పదాలు పాడాడు. ఇంతవరకు ఆశ్చర్యం లేదు, తెలుగు రాజులు తెలుగును పోషించారు. ఆశ్చర్యమల్లా తరువాతిది. మరాఠీ మాతృభాషగా కల భోంసలే రాజులు తమిళ సీమను ఏలుతూ, కవిత్వానికి, ఆటకు, పాటకు తెలుగునే ఉంచుకున్నారు. ఏకోజీ కొడుకు శాహజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆయన పల్లకిసేవ ప్రబంధం సంగీతజ్ఞులు నేటికీ పాడుతున్నారు. ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. రాజు మారినా, ఇంటిభాష మారినా, తెలుగు చదివేవారు, పాడేవారు ఉన్నంతకాలం తెలుగు ఆ ఊళ్లో నిలిచింది.

తాటాకు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, ఇనుప గంటంతో అక్షరాలు గీస్తారు. గీసినప్పుడు ఏమీ కనిపించదు. ఆకుమీద మసి పూసి తుడిస్తే గాట్లలో మసి నిలిచి అక్షరం కనబడుతుంది. చిల్లులు పొడిచి తాడు గుచ్చి, పైన కింద చెక్కలు పెట్టి కడతారు. ఎంత జాగ్రత్తచేసినా మన గాలికి, చెమ్మకు, పురుగుకు కొన్ని తరాలలో ఆకు చివికిపోతుంది. ఆలోగా ఎవరో ఒకరు కూర్చొని కొత్త ఆకులమీద మళ్లీ రాయాలి. రాసేవాడు లేని గ్రంథం ఏ శత్రువూ తగలబెట్టకుండానే మాయమవుతుంది. మనకు దక్కిన ప్రతి పాత పుస్తకం వెనుకా పేరు తెలియని రాయసగాళ్లు వరుసగా ఉన్నారన్నమాట.

ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఒక తెలుగు తాటాకు ఉన్నది. మా అమ్మాయి దానిమీద వంగి, "ఇది మన భాషే కదా, ఏమి రాసి ఉంది?" అని మమ్మల్ని అడిగింది. మేము చూశాము. అక్షరాలు ఒకదానిలోకి ఒకటి పోయినట్లున్నవి. మాటకు మాటకు మధ్య ఎడం లేదు. రెండు అక్షరాలు గుర్తుపట్టి మూడో దానిదగ్గర ఆగిపోయాము. అవ్వ కళ్లజోడు సర్దుకొని, వేలు అద్దంమీద జరుపుతూ నాలుగైదు మాటలు మెల్లగా చదివి, "కృష్ణుని కథలాగున్నదే," అన్నది. తరువాత తనూ ఆగిపోయింది. ఒక తరం నాలుగు మాటలు, మరో తరం రెండు అక్షరాలు, మూడో తరానికి ఏమీ లేదు. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నవాడు మాత్రం, "అవ్వ పోతే మనకు ఎవరు చదువుతారు?" అన్నాడు. వాడి నోరు మూయబోయాము గాని, అవ్వే అడ్డుపడి, "వాడు అడిగినదాంట్లో తప్పేమున్నది?" అన్నది.

ఆ సాయంకాలం శ్వార్ట్జ్ చర్చికి వెళ్లాము. శరభోజికి చిన్ననాట అండగా నిలిచి చదువు చెప్పిన జర్మను పాదిరీ శ్వార్ట్జ్ (1726–1798) పేర ఉన్నది. ఆయన చివరి పడకపక్కన శరభోజి నిలబడినట్లు ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్ చెక్కిన చలవరాతి ఫలకం అక్కడ ఉన్నది. చూడదగినదే. కాని మా మనసులు ఇంకా ఆ అద్దాల పెట్టె దగ్గరే ఉన్నాయి.

మూడవ రోజు: తిరువయ్యారు

పంచమి నాడు తెల్లవారకముందే బయలుదేరాము. తంజావూరునుండి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. ఆ కొద్ది దూరంలో వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి అని అయిదు ఏరులు దాటుతాము. ఊరిపేరు అయిదేళ్ల ఊరని. చిన్నవాడు వంతెనలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. దారికి రెండు పక్కలా కోతకు వచ్చిన వరి, కొన్ని మళ్లలో అప్పుడే కట్టలు కట్టిన గడ్డి. పొగమంచులో ఆ పచ్చని వాసన పీల్చడానికైనా తెల్లవారుజామునే వెళ్లాలి.

త్యాగరాజస్వామి 1767 లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవితం గడిపి, 1847 జనవరి 6 న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందారు. ఆయనది తెలుగునాటినుండి వచ్చి కావేరి ఒడ్డున స్థిరపడిన కుటుంబం, మనవంటి కుటుంబమే. ఆయన చుట్టూ ఉన్నది తమిళ సీమ, ఏలినది మరాఠా రాజు, చివరి దినాల్లో నీడ పరచినది ఇంగ్లీషు కంపెనీ. ఆయన మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రామునితో మాట్లాడాడు.

నేడు మనం చూసే సమాధి మందిరం కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. మైసూరు సీమలో పుట్టి, మద్రాసులో గాయనిగా పేరుపొందిన ఆమె, పాడుపడివున్న సమాధి సంగతి విని, తన సొంత ధనంతో స్థలం బాగుచేయించి గుడి కట్టించి 1925 లో ప్రతిష్ఠ జరిపించింది. ఆ రోజుల్లో ఆడవాళ్లు స్వామి సన్నిధిలో పాడడానికి వీలులేదన్నారు. ఆమె ఊరుకోక ఆడవాళ్ల చేత వేరే ఆరాధన చేయించింది. 1940 ప్రాంతంలో వేరుపడిన పక్షాలన్నీ ఒకటైనాక గాని ఆ చిక్కు తీరలేదు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910 లో అచ్చువేయించినది కూడా ఈమెయే. ప్రభుత్వం దానిని నిషేధించగా, టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గం కాలంలో ఆ నిషేధం తొలగింది. 1952 లో మరణించిన నాగరత్నమ్మగారి సమాధి స్వామి సన్నిధికి ఎదురుగానే ఉన్నది. గుడికి వెళ్లినవారు అక్కడ కూడా ఒక్క నిమిషం నిలబడి రావాలి.

ఉదయం స్వామి నివసించిన తిరుమంజన వీధినుండి ఉంఛవృత్తి భజన బయలుదేరి సమాధికి వస్తుంది. తరువాత పంచరత్న కీర్తనలు. పందిట్లో ఇసుకమీద విద్వాంసులు బారులుగా ఎదురెదురుగా కూర్చుంటారు. వారి వెనుక వందలు, వేలుగా జనం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అన్నది వరుస. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. పేరున్న విద్వాంసుడూ, నిన్న మొన్న నేర్చుకున్న పిల్లా ఒకే గొంతుగా పాడతారు. వేలమంది తెలుగు పాడుతున్నారు, అందులో తెలుగువారు ఎందరో చెప్పలేము. మనకు ఆ పూట కలిగే గర్వం కొంచెం ఆలోచిస్తే సిగ్గుగా కూడా మారుతుంది.

మాకు మారిన విధం చెబుతాము. మా అమ్మాయి తన పాటల పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకున్నది. అది తమిళ లిపిలో ఉన్నది. తమిళంలో క, ఖ, గ, ఘ లు నాలుగింటికీ ఒక్కటే అక్షరం కాబట్టి, పాటల పుస్తకాల్లో అక్షరంమీద చిన్న అంకెలు వేసి ఏది ఏదో తెలుపుతారు. పక్కన కూర్చున్న అరవై యేళ్ల ఆమె, కుంభకోణం వైపువారట, తన పుస్తకం తెరిచింది. అందులో పాట గుండ్రని తెలుగు అక్షరాల్లో ఉన్నది, చేతిరాత. మేము ఆశ్చర్యపోయి, "మీరు తెలుగువారా?" అని అడిగాము. "కాదు, మేము తమిళులమే. అంకెలు చూసుకుంటూ పాడితే మనసు నిలవలేదు. యాభై యేళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను," అని తమిళంలో చెప్పి, మేము తెలుగువారమని తెలిసి సంతోషపడి, గౌళ కీర్తనలో ఒక మాట చూపించి, "దీని అర్థం సరిగా చెప్పు తల్లీ, ఎన్నాళ్లనుండో అడగాలని ఉన్నది," అని మా అమ్మాయిని అడిగింది.

అమ్మాయికి తెలియలేదు. మాకూ నోరు రాలేదు. ఆ కీర్తన తన తప్పులన్నీ ఒక్కొక్కటే చెప్పుకొని, ఇటువంటివాణ్ణి ఎవరు కాపాడతారని అడిగే కీర్తన. అమ్మాయి దానిని రెండేళ్లుగా తప్పు లేకుండా పాడుతున్నది. అవ్వ ముందుకు వంగి, ఆ మాటకు అర్థం చెప్పి, ఆ చరణమంతా మన ఇంటి తెలుగులో విడమర్చి చెప్పింది. ఆమె తన పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నది. మా అమ్మాయి కూడా రాసుకున్నది, తమిళ లిపిలో. రాసి, దానివంక చూసుకొని, పుస్తకం మూసివేసింది. తరువాత అయిదు కీర్తనలూ పుస్తకం చూడకుండానే పాడింది.

పాట అయ్యాక కావేరి మెట్లమీద కూర్చొని వెంట తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిన్నాము. పంచనదీశ్వరుని గుడి చూశాము. తిరువయ్యారు వెళ్లినవారు అశోకా అనే హల్వా తినకుండా రాకూడదు. పెసరపప్పు ఉడికించి, నెయ్యి, చక్కెర పోసి చేస్తారు, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. రెండు పొట్లాలు ఇంటికి కట్టించుకున్నాము.

ఇంకో రోజు ఉన్నవారికి

నాలుగో రోజు చేతిలో ఉన్నవారు కుంభకోణం వైపు వెళ్లవచ్చు, తంజావూరికి నలభై కిలోమీటర్లు. దారిలో దారాసురం ఐరావతేశ్వరాలయం రెండవ రాజరాజు కట్టించినది, రథంలాంటి మండపం, వేలెడేసి బొమ్మలు చూసి తనివి తీరదు. కుంభకోణంలో రామస్వామి గుడి రఘునాథ నాయకుడు కట్టించినది. సీతారాములు ఒకే పీఠంమీద పట్టాభిషేక భంగిమలో ఉంటారు, ప్రాకారం గోడలమీద రామాయణమంతా బొమ్మలుగా ఉన్నది. అక్షరం రాని పిల్లలు కూడా చదవగల రామాయణమది. మహామహం కోనేరు పక్కనే. పన్నెండేళ్లకొకసారి వచ్చే ఆ పండుగ 2016 లో జరిగింది, మళ్లీ 2028 లో.

తంజావూరికి పద్దెనిమిది కిలోమీటర్లలో మెలట్టూరు ఉన్నది. అచ్యుతప్ప నాయకుడు దానమిచ్చిన ఊరు. అక్కడ మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారి తెలుగు భాగవతమేళ నాటకాలు మగవారే ఆడవేషాలు కూడా కట్టి రాత్రంతా ఆడతారు. కాని అది నరసింహ జయంతికి, వేసవిలో. చలికాలంలో వెళితే ఊరు మాత్రమే చూడగలము.

తిరిగి వచ్చాక

రైల్లో రాత్రి అమ్మాయి నిద్రపోలేదు. "అవ్వా, నాకు అక్షరాలు నేర్పించు," అన్నది. "నీకు ముప్పై సార్లు చెప్పినాను అమ్మణ్ణీ, వినలేదే," అన్నది అవ్వ. "ఇప్పుడు అడుగుతున్నాను కదా!" అన్నది అమ్మాయి. మేము ఇద్దరి మధ్యా కూర్చొని వింటూ, తప్పు ఈ ఇద్దరిదీ కాదు, మధ్య తరం మాది అని తెలుసుకున్నాము. బడిలో లేదన్నది నిజమే. ఇంట్లో ఉండకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక అరగంట పలక పడుతున్నాము. రోజూ అని గొప్ప చెప్పుకోలేము. వారానికి రెండు మూడు రోజులు తప్పుతూనే ఉన్నది. చిన్నవాడికి గుణింతాలు నడుస్తున్నాయి. అమ్మాయి గౌళ కీర్తనను తమిళ పుస్తకంనుండి తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాసుకుంటున్నది. తప్పులు అవ్వ దిద్దుతుంది. అవ్వకు చూపు తగ్గుతున్నది కాబట్టి అమ్మాయి అక్షరాలు పెద్దవిగా రాస్తున్నది.

వచ్చే పుష్యమాసంలో మీకు మూడు రోజులు తీరిక ఉంటే తంజావూరు వెళ్లిరండి. శాలువా ఒకటి, చలువ కళ్లజోడు ఒకటి, నడవడానికి అలవాటైన చెప్పులు పెట్టుకోండి. ఇంట్లో తెలుగు చదవగల పెద్దవారు ఎవరైనా ఉంటే, ఎంత కష్టమైనా సరే, వారిని తప్పక వెంటబెట్టుకొని వెళ్లండి.